పిల్లల లెక్కకు గ్రామసభలో చోటు: శారదా నది ఒడ్డు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనకాపల్లి జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, దేవరాపల్లి మండలంలోని సర్పంచులకు, ప్రధానోపాధ్యాయులకు

విషయం: దేవరాపల్లి మండల పాఠశాలల్లో పర్యావరణ విద్యను శారదా పరీవాహక ప్రాంత సంరక్షణతో ముడిపెట్టవలసిన ఆవశ్యకత



అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది కొండ దిగి మైదానంలో అడుగుపెట్టే చోట దేవరాపల్లి ఉన్నది. ఆ నదిపై ఈ మండలంలోనే నిర్మించిన రైవాడ జలాశయం ఒకవైపు ఈ ప్రాంతపు పొలాలకు సాగునీటిని, మరొకవైపు విశాఖపట్నం నగరానికి తాగునీటిని అందిస్తున్నది. రైతు పంటకూ నగరవాసి దాహానికీ ఆధారమైన ఈ నీరు ఏ కొండపై పడిన వాన, ఏ గెడ్డలో, అంటే ఏ కొండవాగులో దిగి వచ్చింది, దారిలో ఎంత మట్టిని మోసుకొచ్చింది, జలాశయంలో ఎంత పూడికను మిగిల్చింది అన్న ప్రశ్నలకు సమాధానం ఈ మండలపు పిల్లల చేతికి అందేంత దగ్గరలో ఉన్నది. అయినా పర్యావరణం అన్న మాట పాఠశాలలో పరీక్ష కోసం చదివే ఒక అధ్యాయంగానూ, ఏడాదికి ఒకరోజు నాటే మొక్కగానూ మిగిలిపోతున్నది. ఈ దూరాన్ని తగ్గించడానికి కొత్త చట్టం గానీ, కొత్త పథకం గానీ అవసరం లేదనీ, ఉన్నవాటిని ఒకదానితో ఒకటి కలపడమే అవసరమనీ ఈ లేఖ విన్నవిస్తున్నది. ప్రతి పాఠశాల తన ఊరి నీటికీ, చెట్టుకూ, పక్షికీ ఏడాది పొడవునా ఒక లెక్క రాయాలి. ఆ లెక్కను గ్రామసభ విని తన నిర్ణయాల్లో వాడుకోవాలి. ఈ లేఖ కోరికలన్నీ ఈ రెండు మాటల నుంచి పుట్టినవే.

పరీవాహక ప్రాంతం అంటే ఒక నదికో చెరువుకో నీటిని చేర్చే భూభాగం మొత్తం. కొండ శిఖరాన పడిన చినుకు ఏ వాలున దిగి ఏ ప్రవాహంలో కలుస్తుందో, ఆ వాలు అంతా ఆ ప్రవాహానికి పరీవాహక ప్రాంతమే. ఈ దృష్టితో చూస్తే రైవాడ జలాశయం దాని గట్టు దగ్గర మొదలుకాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి కొండవాలుల మీద మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడిన తరువాత నది ఎగువ భాగం ఒక జిల్లాలో, జలాశయం మరొక జిల్లాలో చేరాయి గాని నీటికి జిల్లా సరిహద్దు తెలియదు. కొండమీద గడ్డి, పొద, చెట్టు ఉన్నచోట వాన దెబ్బ ముందుగా ఆకు మీద పడుతుంది, దాని వేగం తగ్గుతుంది, నీరు మెల్లగా నేలలోకి ఇంకి, వానలు వెనుకబట్టిన తరువాత కూడా ఊటగా గెడ్డలోకి వస్తుంది. నేల బోడిగా మారినచోట అదే వాన మట్టిని కోసుకుంటూ దిగి, వరదగా వచ్చి, ఆ మట్టిని జలాశయం అడుగున పరుస్తుంది. ఇలా అడుగున చేరే మట్టినే పూడిక అంటారు. నీరు ఎండాకాలానికి తరిగి మళ్లీ వానాకాలానికి నిండుతుంది గాని, పూడిక ఆక్రమించిన చోటు తనంత తాను ఖాళీ కాదు. జలాశయాల నిల్వను కొలిచే టీఎంసీ అన్న మాటకు వంద కోట్ల ఘనపుటడుగులు అని అర్థం. లీటర్లలో చెప్పాలంటే ఒక టీఎంసీ సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఇంత పెద్ద లెక్కల వెనుక ఉన్నది కొండవాలున నిలిచిన, లేదా నిలవలేకపోయిన గుప్పెడు మట్టి. ఈ సంబంధాన్ని పన్నెండేళ్ల పిల్లవాడు తన కళ్లతో చూసి గ్రహించగలిగితే, ఆ వయసుకు అంతకన్నా విలువైన భూగోళ పాఠం మరొకటి ఉండదు.

పర్యావరణ విద్యకు చట్టబద్ధమైన పునాది ఈ దేశంలో బలంగానే ఉన్నది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 48-ఎ అధికరణం పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. 51-ఎ(జి) అధికరణం అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన సహజ పర్యావరణాన్ని కాపాడి మెరుగుపరచడం ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలన్న సూత్రాన్ని అంగీకరించి ఆదేశాలిచ్చింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2001-02లో జాతీయ హరిత దళం పేరిట పాఠశాలల్లో ఎకో క్లబ్బులకు శ్రీకారం చుట్టింది. సమగ్ర శిక్ష పథకం కింద యువ, ఎకో క్లబ్బుల నిర్వహణకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఇచ్చే వెసులుబాటు కల్పించారు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8వ తరగతి మధ్య పిల్లలకు పుస్తకాల సంచి లేకుండా పది రోజుల అభ్యసనాన్ని సూచించింది. ఇన్ని దారులు తెరిచి ఉన్నప్పుడు వాటి గుండా నడిచి ఎక్కడికి చేరాలన్నదే తేలవలసిన ప్రశ్న.

1977లో జార్జియా రాజధాని టిబిలిసిలో యునెస్కో, ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం కలిసి నిర్వహించిన అంతర్జాతీయ సమావేశం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం నేటికీ ప్రామాణికమే. ఆ సమావేశం పర్యావరణ విద్య లక్ష్యాలను ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం అన్న ఐదు వర్గాలుగా చెప్పింది. ఎరుక అంటే సమస్య ఉన్నదని గుర్తించడం. జ్ఞానం అంటే దాని కారణాలను తెలుసుకోవడం. వైఖరి అంటే దానిపట్ల పట్టింపు కలగడం. నైపుణ్యం అంటే దాన్ని కొలిచి పరిష్కారాన్ని వెతకగలగడం. భాగస్వామ్యం అంటే ఆ పరిష్కారంలో చేయి కలపడం. నినాదాల ర్యాలీ, వ్యాసరచన పోటీ, చిత్రలేఖనం మొదటి మెట్టుకు చేరుస్తాయి. మంచి ఉపాధ్యాయుడి చేతిలో పాఠ్యపుస్తకం రెండో మెట్టుకు, అరుదుగా మూడో మెట్టుకు తీసుకుపోతుంది. చివరి రెండు మెట్లు ఎక్కాలంటే మాత్రం పిల్లలకు కొలవడానికి ఒక స్థలమూ, ఆ కొలత వినడానికి ఒక వేదికా కావాలి.

మొక్కలు నాటే ఆనవాయితీని ఒకసారి పరిశీలిస్తే ఈ లోటు స్పష్టమవుతుంది. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవుల తరువాత బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. పర్యావరణానికి కేటాయించిన ఒక్క రోజూ పిల్లలు బడిలో లేని రోజే కావడం ఒక ఇబ్బంది అయితే, తొలకరిలో నాటిన మొక్కకు ప్రాణగండం వచ్చే మే నెలలో కూడా బడి మూసి ఉండడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. మొక్క నాటడానికి ఒక్క గంట చాలు, దాన్ని బతికించడానికి మొదటి రెండు వేసవులు కావాలి. వేసవిలో నీరు పోసే బాధ్యతను ఊరు పంచుకోనిదే బడి నాటిన మొక్క చెట్టు కాలేదు. పర్యావరణ విద్య పాఠశాల ప్రహరీ లోపల ముగియదనీ, గ్రామం కలిసిరాకపోతే మొదలైనట్టే కాదనీ ఈ చిన్న ఉదాహరణే చెబుతున్నది.

పిల్లలు రాయవలసిన లెక్కకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మొదటిది వాన లెక్క. నిలువు గోడలున్న ఏ పాత్రనైనా ఆరుబయట ఉంచి, అందులో నిలిచిన నీటి లోతును ప్రతి ఉదయం మిల్లీమీటర్లలో కొలిస్తే అదే ఆనాటి వర్షపాతం. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీటికి సమానం. కనుక 200 చదరపు మీటర్ల బడి పైకప్పు మీద ఏడాదిలో వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీరు పడినట్టు. ఇంకుడు గుంత ఎందుకు తవ్వాలో ఈ ఒక్క గుణకారం చెప్పినంత బలంగా ఏ నినాదమూ చెప్పలేదు. ఈ వాన లెక్కను ఇంగ్లీషు నెలలతో పాటు కార్తెల వారీగా కూడా రాయించడం మంచిది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని రైతులు కార్తె అంటారు. మృగశిరలో దుక్కి, ఆరుద్రలో విత్తనం అంటూ తరాల అనుభవం ఈ కొలమానంలోనే నిలిచి ఉన్నది. పిల్లల పట్టికలోని అంకెలను తాతల జ్ఞాపకంతో పోల్చినప్పుడు వానల రాకడ ఎలా మారుతున్నదో ఇంటి అరుగు మీదే చర్చకు వస్తుంది, వాతావరణ మార్పు అన్న పెద్దమాట ఊరి మాటల్లోకి దిగుతుంది.

రెండవది నీటి మట్టం లెక్క. బడికి దగ్గరలోని ఒక బావిలో నేలమట్టం నుంచి నీరు ఎంత లోతున ఉన్నదో ముడులు వేసిన తాడుతో నెలకు ఒకసారి పెద్దలు కొలిచి చెబితే, బారల్లో చెప్పిన ఆ లోతును మీటర్లలోకి మార్చి పిల్లలు గోడమీద గీత గీస్తారు. మూడవది మట్టి లెక్క. వాన కురిసిన మర్నాడు గెడ్డ నీటిని ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదల్చకుండా ఉంచితే అడుగున మట్టి పేరుకుంటుంది. రెండు గెడ్డల నీటిని ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వాలు కోతకు గురవుతున్నదో సీసాలే సాక్ష్యం చెబుతాయి. నాలుగవది చెట్టు లెక్క. ఒక చింతనో, నేరేడునో, కానుగనో ఎంచుకొని అది ఏ వారం చిగురించింది, ఏ వారం పూసింది, ఎప్పుడు కాయ పండింది అని ఏడాది పొడవునా రాయడం దీని పద్ధతి. 2010లో కేరళ పాఠశాలల్లో మొదలై దేశమంతటికీ విస్తరించిన సీజన్‌వాచ్ అన్న కార్యక్రమం ఇదే పని చేస్తున్నది. సామాన్య పౌరులు క్రమపద్ధతిలో సేకరించిన పరిశీలనలు శాస్త్రజ్ఞులకు ఆధారంగా ఉపయోగపడే ఇలాంటి పనిని పౌర విజ్ఞానం అంటారు. ఐదవది పక్షి లెక్క. చెరువు మీద వాలే కొంగలు, నీటికోళ్లు ఎన్నో, ఏ నెలలో కనిపిస్తాయో రాయడానికి ఒక నోటుపుస్తకమూ, ఓపికా చాలు.

పరిశీలన ఎందుకు అవసరమో తెలుగు నేలమీదే చక్కని నిదర్శనం ఉన్నది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడానికి వస్తాయి. ఊళ్లోని చింతచెట్ల మీద అవి పిల్లలను పెంచే కాలంలో వాటిని ఇంటి ఆడపడుచుల్లా ఆదరించడం ఆ గ్రామ సంప్రదాయం. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి గ్రామం నత్తగుల్ల కొంగలను అదేవిధంగా కాపాడుతున్నది. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని జనవాక్యం. నిజానికి ఈ జాతులు దక్షిణాసియాకు చెందినవి. సైబీరియా మాటను సరిదిద్దినంత మాత్రాన ఆ గ్రామాల గొప్పతనం తగ్గదు సరికదా, అవి ఈ ప్రాంతపు చెరువుల మీదే ఆధారపడిన మన పక్షులని తెలిసినప్పుడు చెరువుల పట్ల బాధ్యత మరింత పెరుగుతుంది. ఆదరణ ఊరు ఇచ్చింది, దానికి తోడుగా నిలవవలసిన జ్ఞానాన్ని బడి ఇవ్వాలి. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ పాఠశాల బీడుపడిన లోయలో చెట్లు పెంచి, నీటిని ఇంకించి, పక్షుల పరిశీలనను విద్యలో భాగం చేసి చూపింది. సొంత భూమి, వనరులు ఉన్న సంస్థ చేసిన పనిని ప్రభుత్వ పాఠశాల ఒంటరిగా చేయలేకపోవచ్చు గాని, గ్రామం వెంట నిలిస్తే ఊరి చెరువు, ఊరి తోపు, ఊరి కొండ మొత్తం ఆ బడికి ప్రయోగశాలే.

అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక మరొక పాఠం చెబుతుంది. అంకుడు కర్రను చిత్రికపట్టి, లక్కలో ప్రకృతి సిద్ధమైన రంగులు కలిపి పూసి చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు చెట్టు అడవిలో తగ్గితే ఆ కళ నిలవదు. సంరక్షణ అంటే జీవనోపాధికి అడ్డుపడే నిషేధం కాదనీ, జీవనోపాధి రేపు కూడా మిగలడానికి ఇవాళ తీసుకునే జాగ్రత్త అనీ పిల్లలకు వివరించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. దేవరాపల్లి మండలపు కొండ అంచు గిరిజన గ్రామాల్లో అడ్డాకు, కొండచీపురు, చింతపండు సేకరించేవారికి ఏ తీగను ఎంతవరకు కోస్తే అది మళ్లీ చిగురిస్తుందో తెలుసు. ఈ జ్ఞానం పుస్తకాల్లో లేదు, దాన్ని మోస్తున్నవారు వృద్ధులవుతున్నారు.

ఆ జ్ఞానాన్ని నమోదు చేసే మార్గం 2002 జీవవైవిధ్య చట్టంలో ఉన్నది. ఆ చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. తమ పరిధిలోని మొక్కలు, జంతువులు, పంటరకాలు, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానాన్ని స్థానికులతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించడం ఆ కమిటీ ప్రధాన విధి. ఈ రిజిస్టరు ఒకసారి రాసి బీరువాలో భద్రపరిచే దస్తావేజు కాదు, ఏటా పెరగవలసిన గ్రంథం. అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 కూడా అడవిని, జీవవైవిధ్యాన్ని, పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. పిల్లలు ఏడాది పొడవునా రాసిన లెక్కలు ఈ రిజిస్టరులోకి చేరితే బడిలో చేసిన పని ఊరి ఆస్తి అవుతుంది.

పొలం కూడా ఈ విద్యకు వెలుపల ఉండరాదు. చెరకు, బెల్లం అనకాపల్లి ప్రాంతపు గుర్తింపు. చెరకు పరిశోధనకు 1913లోనే అనకాపల్లిలో కేంద్రం ఏర్పడింది. చెరకు నరికాక మిగిలే ఎండుటాకును తగలబెడితే పొగతో పాటు నేలలో చేరవలసిన సేంద్రియ పదార్థం గాలిలో కలిసిపోతుంది. అదే ఆకును చాళ్ల మధ్య పరిచితే తేమ నిలిచి, కలుపు తగ్గి, క్రమంగా ఎరువవుతుంది. 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ఆంధ్రప్రదేశ్ సమాజ ఆధారిత ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం మరో ఇద్దరు గ్రహీతలతో కలిపి లభించింది. ప్రపంచం గుర్తించిన ఆ పనిని చేస్తున్న రైతులు నెలకు ఒకసారి బడికి వచ్చి జీవామృతం తయారీని చూపి, తగలబెట్టిన మడిలోని మట్టినీ, ఆకు పరిచిన మడిలోని మట్టినీ పిల్లల చేతుల్లో పెడితే విజ్ఞాన శాస్త్ర పాఠం తానే పూర్తవుతుంది.

ఈ ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు న్యాయమైనవే. ఉపాధ్యాయులపై ఇప్పటికే పనిభారం ఉన్నది. కనుక ఈ లెక్క అదనపు పనిగా కాక, గణితంలో సగటు, పట్టిక, రేఖాచిత్రంగా, తెలుగులో నివేదిక రచనగా, విజ్ఞాన శాస్త్రంలో ప్రాజెక్టుగా అమరాలి. పిల్లల భద్రత మరింత ముఖ్యమైన విషయం. జలాశయం, కాలువ, బావి దగ్గరికి పిల్లలను పెద్దల తోడు లేకుండా పంపరాదు, నీటిలో దిగవలసిన ఏ పనినీ వారికి అప్పగించరాదు. పర్యావరణం పేరిట పిల్లలతో కాలువలు తీయించడం, చెత్త ఎత్తించడం విద్య కాదు. ఆ పని పంచాయతీది. పిల్లల పని చూడడం, కొలవడం, రాయడం, అడగడం.

ఈ కారణాల దృష్ట్యా జిల్లా యంత్రాంగమూ, గ్రామ పంచాయతీలూ కింది చర్యలు తీసుకోవాలని ఈ లేఖ సవినయంగా కోరుతున్నది.

1. మండలంలోని ప్రతి పాఠశాలకు చెరువు, గెడ్డ, బావి, తోపు, కొండవాలు వీటిలో ఒకదాన్ని పరిశీలన స్థలంగా గుర్తించి, ఎకో క్లబ్ నిధులను వాన కొలమానం, నోటుపుస్తకాలు, స్థానిక పక్షుల, చెట్ల పటాల కోసం వినియోగించాలి.

2. సంచి లేని పది రోజుల్లో కనీసం మూడు రోజులను కొండవాలు, జలాశయం, ఆయకట్టు పొలం సందర్శనకు కేటాయించి, జలవనరుల, అటవీ, వ్యవసాయ శాఖల సిబ్బంది వివరించేలా ఏర్పాటు చేయాలి.

3. రైవాడ జలాశయపు రోజువారీ నీటిమట్టం, వచ్చిపడే నీరు, విడుదలయ్యే నీటి వివరాలను ప్రతి పాఠశాల నోటీసు బోర్డుకు తెలుగులో వారానికి ఒకసారి చేర్చాలి.

4. బడి నాటిన మొక్కలకు వేసవిలో నీరు పోసే బాధ్యతను పంచాయతీ, పాఠశాల యాజమాన్య కమిటీ రాతపూర్వకంగా స్వీకరించాలి. ఎన్ని నాటారన్నది కాక, రెండో వేసవి దాటి ఎన్ని బతికాయన్నదే లెక్కలోకి రావాలి.

5. జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సమావేశాలకు ఎకో క్లబ్ ఉపాధ్యాయులను ఆహ్వానించి, పిల్లల పరిశీలనలను, వృద్ధుల నుంచి వారు సేకరించిన జ్ఞానాన్ని చెప్పినవారి సమ్మతితో రిజిస్టరులో చేర్చాలి.

6. రైవాడ నీరు తాగే విశాఖపట్నం నగరంలోని పాఠశాలలకూ, ఆ నీటిని కాపాడే ఈ మండల పాఠశాలలకూ మధ్య రాకపోకలు, ఉత్తరప్రత్యుత్తరాలు ఏర్పరచాలి. కుళాయి తిప్పే చేతికి కొండవాలు తెలియాలి, కొండవాలున ఉన్నవారి శ్రమకు నగరం నుంచి గుర్తింపు అందాలి.

వీటన్నింటికీ ఆయువుపట్టు ఒక తేదీలో ఉన్నది. అక్టోబరు 2 నాటికి నైరుతి వానాకాలం ముగింపుకు వస్తుంది, గాంధీ జయంతి రోజున గ్రామసభలు జరుపుతారు. ఆ సభలో పద్దులు చదివిన తరువాత ఒక విద్యార్థిని లేచి, ఈ ఏడు మృగశిరలో ఎంత వాన పడింది, ఆరుద్రలో ఎంత, బావిలో నీరు ఎన్ని బారలు పైకి వచ్చింది, ఏ గెడ్డ సీసాలో మట్టి ఎక్కువ పేరుకున్నది అని చదివి వినిపించాలి. వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి రైతు ఆ లెక్కతో విభేదించి తన చేలో ఆరుద్ర వాన అంత పడలేదని చెప్పవచ్చు. అప్పుడు వచ్చే ఏడు ఆ చేను గట్టున మరొక పాత్ర పెట్టాలని సభ తీర్మానించవచ్చు. మట్టి ఎక్కువగా దిగిన గెడ్డ పైవాలున ఈసారి ఉపాధి పనుల్లో రాతికట్ట వేయాలన్నది దాని తరువాతి తీర్మానం కావచ్చు. పర్యావరణ విద్య సఫలమైందని చెప్పడానికి ఆ రెండు తీర్మానాల కన్నా వేరే ధ్రువపత్రం అవసరం లేదు. రాబోయే అక్టోబరు 2న దేవరాపల్లి మండలంలోని ప్రతి గ్రామసభ కార్యక్రమ పట్టికలో పిల్లల లెక్కకు పది నిమిషాలు కేటాయించాలని ఈ లేఖ ప్రార్థిస్తున్నది.

ఇట్లు,
శారదా పరీవాహక ప్రాంత క్షేమాన్ని కోరుతూ,
దేవరాపల్లి, అనకాపల్లి జిల్లా